మా అమ్మకు కంటి నిండా నిద్ర దక్కేలా చేసిన వారికి కృతజ్ఞతలు

మర్రిగూడ మండలంలోని మా ఊళ్లో ఉంటున్న మా అమ్మ ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నది. ఏళ్ల తరబడి ఆమెకు కరువైన ఆ నిద్రకు కారకులైన వారందరికీ నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఎవరు ఏం చేశారో వివరంగా చెప్పడానికి ఒక కారణం ఉన్నది. పడుకోగానే కాళ్లు గుంజే ఇదే బాధతో అర్ధరాత్రి వాకిట్లో తిరిగే తల్లులు మన నల్లగొండ జిల్లాలో ఇంకా ఉన్నారు. వారి పిల్లలకు ఈ వివరాలు అక్కరకు రావచ్చు.

పొద్దుగూకిన తర్వాత మంచం మీద నడుము వాల్చగానే అమ్మకు బాధ మొదలయ్యేది. "కాళ్లు గుంజుతున్నయి బిడ్డా, లోపల ఏదో పాకుతున్నది, పండనిస్తలేవు" అనేది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గేది, మళ్లీ పడుకుంటే మొదటికి వచ్చేది. మాది తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ప్రాంతం కావడంతో, కాళ్ల బాధ అనగానే చూసిన ప్రతి ఒక్కరూ ఫ్లోరైడే అన్నారు. ఆ నీళ్లకు వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగిన మనకు ఆ ఆలోచన ముందుగా రావడం సహజమే.

అందుకే నా మొదటి నమస్కారం నల్లగొండలో అమ్మను చూసిన వైద్యురాలికి. మేడం ఫ్లోరైడ్ సంగతిని తోసిపుచ్చలేదు, ఎక్స్‌రే తీయించి చూశారు. ఆ తర్వాత అమ్మ పక్కనే కూర్చొని నాలుగు ప్రశ్నలు అడిగారు: కాళ్లు కదిలించి తీరాలని అనిపిస్తున్నదా, ఊరికే కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతున్నదా, నడిస్తే తగ్గుతున్నదా, పగటి కంటే సాయంత్రం, రాత్రి పూట ఎక్కువా? నాలుగింటికీ అమ్మ అవునన్నది. ఫ్లోరోసిస్ వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతే నడకతో నొప్పి ఇలా వెంటనే మాయం కాదని, ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ (కుదురుగా ఉండని కాళ్లు) అనే వేరే జబ్బు అని ఆమె చెప్పారు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు దీని లక్షణాలు రాశాడని, 1945లో స్వీడన్‌కు చెందిన ఎక్‌బోమ్ దీనికి పేరు పెట్టి సమగ్రంగా వివరించాడని మేడం చెబుతుంటే అమ్మ ముఖంలో కనిపించిన ఊరటను నేను మరువలేను. తన బాధ ఉత్త భ్రమ కాదని ఒక వైద్యురాలి నోట వినడమే ఆమెకు సగం బలం ఇచ్చింది.

అంతకు ముందు చేయించిన పరీక్షలో అమ్మ హిమోగ్లోబిన్ 12.2 ఉండటంతో రక్తం బాగానే ఉన్నదన్నారు. మేడం మాత్రం ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉన్నదో తెలిపే ఫెరిటిన్ పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ అంటే ఈ పూట వండుకోవడానికి బయటికి తీసిన గింజలైతే, ఫెరిటిన్ గుమ్మిలో ఎంత మిగిలి ఉన్నదో చెబుతుందని ఆమె వివరించారు. అమ్మ ఫెరిటిన్ 24 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద అది నార్మల్ పరిధిలోనే ఉన్నది, కానీ ఈ జబ్బు ఉన్నవారిలో ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువగా ఉంటే ఐరన్ ఇచ్చి చూడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కదలికలను అదుపులో ఉంచే డోపమిన్ అనే రసాయనం మెదడులో తయారు కావాలంటే ఐరన్ తప్పనిసరి. ఒంట్లో రక్తం సరిపడా ఉన్నా మెదడుకు అందే ఐరన్ తక్కువ కావచ్చు. ఈ ఒక్క విషయం మా ఇంటికి తెలియజేసినందుకు ఆ తల్లికి ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను. మూత్రపిండాలు, షుగర్, బీ12 పరీక్షలు కూడా ఆమె అప్పుడే చేయించారు, ఎందుకంటే వాటి లోపాల్లోనూ కాళ్లు ఇలాగే బాధపెట్టవచ్చు.

తిన్నది ఒంటికి ఎందుకు పట్టడం లేదన్న ప్రశ్నకు జవాబు కడుపులో దొరికింది. అమ్మ ఏళ్లుగా పొద్దున్నే పరగడుపున గ్యాస్ గోలీ వేసుకునేది. కడుపులో ఆమ్లం తగ్గితే ఆకుకూరల్లోని, గింజల్లోని ఐరన్ సరిగా ఒంటబట్టదు, బీ12 కూడా అంతే. పెద్ద వయసులో ఐరన్ నిల్వలు తగ్గితే లోపల ఎక్కడైనా రక్తం పోతున్నదేమో చూడాలని మేడం ఎండోస్కోపీకి పంపారు. రక్తస్రావం లేదు గానీ, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి వల్ల జీర్ణాశయం పొర వాచి ఉన్నదని తేలింది. ఎండోస్కోపీ చేసిన డాక్టర్ గారు పద్నాలుగు రోజుల మందులు రాసి, అవి పూర్తయ్యాక గ్యాస్ గోలీని తానే మెల్లగా మాన్పించారు. భయంతో వణుకుతున్న అమ్మ చేయి పట్టుకొని ధైర్యం చెప్పిన అక్కడి నర్సమ్మకు కూడా నా నమస్కారాలు.

తిండి విషయంలో మాకు దారి చూపింది మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ. అమ్మ తులసిమాల వేసుకున్నప్పటి నుంచి నీచు ముట్టదు, కాబట్టి కార్జం తినిపించమన్న సలహాలు మాకు పనికిరాలేదు. గర్భిణులకు ఐరన్ గోలీలు ఇచ్చి ఇచ్చి అనుభవం గడించిన టీచరమ్మ మా వంటింట్లోనే కూర్చొని, ఉన్నవాటితోనే మార్పులు చెప్పారు. అన్నం తిన్న వెంటనే తాగే చాయ్‌ని గంటకు పైగా వెనక్కి జరిపించారు, ఎందుకంటే చాయ్‌లోని టానిన్లు ఐరన్‌ను పట్టి ఉంచుతాయి. పప్పులో, తోటకూరలో దించిన తర్వాత నిమ్మకాయ పిండమన్నారు. పెసలు మొలకెత్తించడం, సజ్జలు, జొన్నలు నానబెట్టి అంబలిని పులియబెట్టడం మా నాయనమ్మ కాలం నాటి పనులే. వాటివల్ల గింజల్లో ఐరన్‌ను అడ్డుకునే ఫైటేట్లు అనే పదార్థాలు తగ్గి ఐరన్ ఎక్కువగా అందుతుందని ఇప్పుడు తెలిసింది. అంబలి పులిసినంత మాత్రాన బీ12 రాదని, దానికి పాలు, పెరుగు కావాలని కూడా ఆమె స్పష్టంగా చెప్పారు. బెల్లం, పల్లీలు తింటే ఐరన్ అంతా వచ్చేస్తుందని మనవాళ్లు చెప్పే మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఖాళీ అయిన నిల్వ నిండాలంటే అవి చాలవు, మందు కావాలి.

ఐరన్ మందును కూడా మేడం రోజు విడిచి రోజు, పొద్దున పరగడుపున, నిమ్మరసంతో వేసుకోమన్నారు. ఒక మోతాదు తీసుకున్న తర్వాత దాదాపు ఒక రోజు పాటు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగు మరింత ఐరన్‌ను లోనికి రానివ్వదట. మా మెడికల్ షాపు అన్న ఈ సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మలం నల్లగా వస్తే భయపడవద్దని చెప్పి పంపాడు. అమ్మకు జలుబు చేసినప్పుడు మత్తు కలిగించే జలుబు గోలీ ఇవ్వకుండా ఆగి, మేడంకు ఫోన్ చేయించింది కూడా ఆయనే. అలాంటి గోలీలు ఈ జబ్బును పెంచుతాయి. ఆ జాగ్రత్తకు అన్నకు ప్రత్యేక కృతజ్ఞతలు.

ఫలితం రావడానికి నెలలు పట్టింది. ఆ మధ్య కాలంలో పెరట్లోని జామకాయలు రోజూ పంపిన పక్కింటి వదినకు, రాత్రిళ్లు అమ్మతో పాటు వాకిట్లో నడిచిన చిన్నమ్మకు, హైదరాబాద్ ప్రయాణంలో అమ్మ కూర్చోలేకపోతే విషయం అడిగి తెలుసుకొని, మాటిమాటికీ లేచి నిలబడటానికి వీలుగా ముందు సీటు ఇప్పించిన ఆర్టీసీ కండక్టర్ అన్నకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఫెరిటిన్ చూడకుండా ఎవరూ సొంతంగా ఐరన్ గోలీలు మింగవద్దని, అది ఎక్కువైతే కాలేయానికి చేటని మేడం అందరికీ చెప్పమన్నారు, ఆమె మాటగా ఇక్కడ రాస్తున్నాను. అమ్మ ఫెరిటిన్ ఇప్పుడు 81కి చేరింది, మందు ఇంకా నడుస్తున్నది, మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయాలో మేడమే చెబుతారు.