108 బండిలో వచ్చిన మేడంకు, పైలట్ అన్నకు

తొలి ఏకాదశి నాడు మా ఇంటికి వచ్చిన 108 బండిలోని మేడంకు, ఆ బండి నడిపిన అన్నకు థాంక్స్ చెప్పుకోవాలని రాస్తున్నాను. 108లో డ్రైవరును పైలట్ అంటారని నాకు ఆ రోజే తెలిసింది. మేడం పేరు నాకు తెలుసు. రాస్తానంటే "వద్దు సార్, పేర్లెందుకు" అన్నారు, అందుకే రాయడం లేదు.

మాది అనంతపురం జిల్లా కూడేరు మండలంలో ఒక పల్లె. నాయనకు అరవై ఆరేళ్లు, పన్నెండేళ్లుగా షుగరు. ఆ రోజు ఉపవాసం. పొద్దున్నే మంచినీళ్లతో షుగరు మాత్ర మాత్రం వేసుకున్నాడు. తిండి మానొచ్చు గానీ మందు మానకూడదని ఆయన లెక్క. అలాగే చేనికి పోయాడు. శెనక్కాయ విత్తే అదను, పోవద్దంటే వినే మనిషి కాదు. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మాట ముద్దగా వస్తోంది. కుడి చెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. కాసేపటికి ఒక పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్లంతా చెమట, చల్లగా.

పక్షవాతం అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. అమ్మ బీరువా తాళాల గుత్తి తెచ్చి నాయన చేతిలో పెట్టి పిడికిలి మూసింది. ఫిట్స్ వస్తే ఇనుము పట్టిస్తారు కదా, కంగారులో అదే గుర్తొచ్చినట్టుంది. చిన్నాయన పసరు మందు పోసే ఊరికి కారు మాట్లాడుతున్నాడు. నేను గ్లాసుతో నీళ్లు తాపబోతున్నాను. ఇంత గందరగోళంలో 108కి ఫోన్ చేయాలని తోచింది పక్కింట్లో ఇంటర్ చదివే పిల్లకు. ఆ పిల్లకు కూడా ఇక్కడే థాంక్స్.

మేడం బండి దిగగానే చేసిన మొదటి పని నా చేతిలో గ్లాసు లాక్కోవడం. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చన్నారు. నాయనను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు, నోట్లో ఏమైనా అడ్డం ఉందేమో చూశారు. పేరు పెట్టి పిలిచారు, పలకలేదు. గట్టిగా గిల్లితే మూలిగాడు. ఆ మూలుగు కూడా రాసుకున్నారు! ఊపిరి లెక్కపెట్టారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు, బీపీ చూశారు, టార్చి వేసి కళ్లు చూశారు. నేను లోలోపల ఉడికిపోతున్నాను. చిన్నాయన పైకే అనేశాడు, "ఇదంతా పెద్దాసుపత్రిలో చూస్తార్లేమ్మా, ముందు బండి తీయించు" అని. వెనక నుంచి ఎవరో "చిన్నపిల్ల, ఈమెకేం తెలుస్తుంది" అన్నారు. ఆమెకు వినబడిందని నాకు తెలుసు. తల కూడా తిప్పలేదు.

పైగా ప్రశ్నలు. చివరిసారి బాగా మాట్లాడింది ఎన్ని గంటలకు? పొద్దున ఏం తిన్నారు? ఏ మాత్రలు వాడుతున్నారు, షీటు తెచ్చి చూపించండి. పోలీసు విచారణలా ఉందనిపించింది నాకు. ఆ టైము ఎందుకని తర్వాత అడిగితే చెప్పారు. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమే అయితే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. ఆ గంటలు మనం చూసినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి లెక్కట.

అమ్మ ఉపవాసం సంగతి చెప్పి ముగించేలోపే వేలికి సూది గుచ్చి షుగరు చూశారు. మిషన్‌లో 34. 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. షుగరు అంతగా పడిపోతే కొందరికి అచ్చం పక్షవాతంలాగే ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతాయట. నాయన షుగరు మనిషని మాకందరికీ తెలుసు. ఒక్కరికీ తట్టలేదు.

బండిలోకి ఎక్కించి, ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడి, నరానికి సూది పెట్టి 25 శాతం గ్లూకోజు ఎక్కించారు. బండి ఇంకా మా వాకిట్లోనే ఉంది. పది నిమిషాలు అయ్యిందో లేదో, నాయన కళ్లు తెరిచి "ఎవరీయమ్మ?" అన్నాడు. తర్వాత చేతిలో తాళాలు చూసుకుని, "ఇవి నాకెందుకిచ్చినారు?" అని విసుక్కున్నాడు. కుడి చేత్తోనే వాటిని పైకెత్తాడు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నాకేమైంది, దింపండి, చేను పని ఉంది అంటాడు నాయన. నిజం చెప్పాలంటే మేము కూడా సరేలే అనుకున్నాం. మేడం ఒప్పుకోలేదు. మనం ఎక్కించిన గ్లూకోజు కొద్దిసేపే, మీరు వేసుకున్న మాత్ర రేపటి దాకా పని చేస్తూనే ఉంటుంది, షుగరు మళ్లీ పడిపోతుంది అని చెప్పారు. నాయన వినలేదు. అప్పుడు ఆమె నవ్వి, "గ్లూకోజు ఎక్కించి మీ ఉపవాసం చెడగొట్టింది నేనే తాతా, ఆ పాపం నాదే. ఆసుపత్రికి మాత్రం రా" అన్నారు. దానికి పడిపోయాడు.

ఆ రాత్రి పదకొండుకు వార్డులో చూస్తే 52. ఇంట్లో ఉంటే నిద్రపోతున్నాడనుకునేవాళ్లం.

మా తాత 2001లో పోయాడు, ట్రాక్టరు ట్రాలీలో, అనంతపురం చేరకముందే. 108 మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న. తాతకు కూడా పక్షవాతం అన్నారు, నమ్మాం. నిజంగా ఏమైందో ఈ రోజుకీ మాకు తెలియదు.

పెద్దాసుపత్రిలో మేడం అప్పజెప్పిన తీరు కూడా చెప్పాలి. ఎన్ని గంటలకు షుగరు ఎంత ఉంది, ఏం ఎక్కించారు, తర్వాత ఎంతకు వచ్చింది, అన్నీ ఒక్క ఊపిరిలో డాక్టరుకు చెప్పి, మాత్రల షీటు ఆయన చేతిలో పెట్టారు. మమ్మల్ని అడిగితే ఒక్కటీ సరిగా చెప్పగలిగేవాళ్లం కాదు. ఇప్పుడు నాయన బాగున్నాడు. మాత్ర మార్చారు. చిన్నాయన ఆ రోజు అన్న మాటకు సారీ చెప్పమన్నాడు, మేడం. ఆయన నేరుగా చెప్పడు, అందుకే నాతో రాయిస్తున్నాడు.

పైలట్ అన్నా, మీకింకొకటి. మరుసటి రోజు ఆసుపత్రిలో నాయన ఆధార్ కార్డు అడిగారు. అది బీరువాలో ఉంది, బీరువా తాళాలు లేవు. చేలో పడిపోయాయేమోనని అమ్మ పొద్దున్నే పోయి సాళ్లన్నీ వెతికింది. మీరు వేరే కేసు తీసుకొచ్చి, గేటు దగ్గర నన్ను చూసి గుర్తుపట్టి, "ఇవి మీవేనా అన్నా, బండి కడుగుతుంటే దొరికాయి" అని గుత్తి నా చేతిలో పెట్టారు. నేను నోరు తెరిచి థాంక్స్ అనేలోపే బండి తిప్పుకుని వెళ్లిపోయారు.