చీటీ మీద ఆ మాట

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కుక్క కరిచిందని వెళ్తే ఆస్పత్రి చీటీ మీద ‘ఎక్స్‌పోజర్ - కేటగిరీ 3’ అని రాశారని, “అంటే నాకు రేబిస్ వచ్చేసిందా నాన్నా?” అని అడిగావు. లేదమ్మా. ఆ మాటకు అర్థం అది కాదు.

ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని, ఆ మాట నాకు కొత్త కాదు. షట్టర్ తెరుచుకున్నప్పుడు రీలు మీద వెలుగు పడటమే ఎక్స్‌పోజర్. బొమ్మ డార్క్‌రూమ్‌లో కడిగాకే వస్తుంది. డాక్టర్లూ అలాగే వాడతారు. కుక్క లాలాజలం నీ ఒంటికి ఎక్కడ, ఎలా తగిలిందన్నదే ఆ మాటలో ఉంది. అందులో వైరస్ ఉందో లేదో కూడా అది చెప్పదు. కరోనా రోజుల్లో ‘ఎక్స్‌పోజ్ అయ్యాడు’ అంటే ‘సోకింది’ అన్నట్టే అందరం వాడేశాం. తగలడం వేరు, సోకడం వేరు, జబ్బు పడటం వేరు. ఈ మూడింటికీ ఒకే మాట వాడితే నీలాంటి పిల్లలు రాత్రుళ్లు నిద్ర లేకుండా ఏడుస్తారు.

కేటగిరీ అంటే జబ్బు ముదిరిన లెక్క అనుకున్నావు కదా? అదీ కాదు. కుక్కను నిమిరినా, గాయం లేని చర్మాన్ని అది నాకినా ఒకటి. దానికి కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. రక్తం రాకుండా గీరుకుంటే రెండు, టీకా వేస్తారు. పన్ను దిగి రక్తం వచ్చినా, తెగిన చోట నాకినా మూడు. నీ పిక్క మీద పళ్లు దిగాయి కాబట్టి మూడు. ఈరోజు ఏం చేయాలో చెప్పే అంకె అది.

గాయం చుట్టూ పొడిచిన సూదులు చాలా నొప్పి పెట్టాయన్నావు. అవి తయారుగా ఉన్న రక్షణ మందు, ఇమ్యునోగ్లోబ్యులిన్. టీకా పనిచేయడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోగా వైరస్ ఉంటే దాన్ని గాయం దగ్గరే కట్టడి చేయడానికి అది వేస్తారు. ఆ వైరస్ నరం పట్టుకుని మెదడు దాకా వెళ్లడానికి మామూలుగా వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధే మనకు దక్కిన అదృష్టం. లక్షణాలు మొదలయ్యాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. నిన్ను భయపెట్టడానికి కాదు, తర్వాతి డోసులు ఎందుకు మానకూడదో తెలియాలని చెబుతున్నాను. కరవగానే కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగావు చూడు, అది ఎంత మంచి పని చేశావో నీకు తెలియదు.

నా చిన్నతనంలో మీ పెదనాన్నను కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేశారు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ మందు ఇప్పుడు మన దేశంలో లేదు. నీకు భుజానికే వేస్తున్నారు. పసరు మందు పోయిస్తామని ఎవరన్నా వినకు. గుడ్లు, మాంసం మానాల్సిన పని కూడా లేదు. నీ పక్క మంచం వాళ్లు దూరం జరిగారన్నావు. నీ నుంచి వాళ్లకు ఏమీ రాదని చెప్పు, ఈ ఉత్తరం చూపించినా సరే.

ఒక్క సంగతి. కరిచిన రోజు నుంచి కాదు, మొదటి డోసు వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టుకో. సున్నా, మూడు రోజుల డోసులు అయ్యాయి. ఏడు, ఇరవై ఎనిమిది మిగిలాయి. ఆ ఇరవై ఎనిమిదో రోజు నీకు పరీక్ష ఉందట, తర్వాత చూద్దామన్నావు. వద్దు తల్లీ. పరీక్ష మధ్యాహ్నం కదా, ముందు రోజు రాత్రి బస్సుకే నేను వస్తాను. పొద్దున్నే ఓపీ తెరిచే వేళకు ఇద్దరం లైన్లో ఉందాం. చీటీ మాత్రం జాగ్రత్తగా దాచు.

మీ నాన్న