జర్నల్ సమీక్ష దాటినంత మాత్రాన డబ్బు సంగతి తేలినట్టు కాదు

సంపాదకులకు,

ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంట గట్టు మీదికి ప్రొబయాటిక్ (మేలుచేసే సూక్ష్మజీవుల పొడి) అమ్మే ఏజెంటు జర్నల్ వ్యాసం జెరాక్సు పట్టుకొచ్చి, 'నిపుణులు సమీక్షించిందండీ' అంటే, ఆ సమీక్షలో ఏం చూస్తారో రైతుకు తెలిసి ఉండాలి.

రచయితలు కంపెనీ నుంచి అందుకున్న ఫీజులు, ప్రయాణ ఖర్చులు, షేర్లు, పేటెంట్లు జర్నల్‌కు చెప్పాలి. వైద్య జర్నళ్లు వాడే ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) ఫారంలో ఆ పరిశోధనకే అందిన సాయం ఎప్పటిదైనా చెప్పాలి, మిగతా సంబంధాలైతే గత 36 నెలలవి. అది చూసి సమీక్షకులు మార్కులు తగ్గిస్తారా? 'యానల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్' జర్నల్‌కు వచ్చిన వ్యాసాల మీద ఈ సంగతే పరీక్షించి, ఫలితాన్ని 2019లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య జర్నల్‌లో ప్రచురించారు. లాటరీ పద్ధతిన కొందరు సమీక్షకులకు రచయితల ప్రయోజనాల ప్రకటనలు చూపారు, కొందరికి చూపలేదు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తెలిస్తే సర్దుకుని చూడగలమన్న నమ్మకం మాత్రం వాళ్లకు ఉంది!

ఫారంలో సొమ్ము ఎవరిదో ఉంటుంది, అది ప్రయోగంలో ఎక్కడ వేలు పెట్టిందో ఉండదు. మేత ప్రయోగాల్లో ముందుగా చూడాల్సింది పోల్చిన మేత. కంపెనీ మేతలో ప్రొటీన్ 38 శాతం, రెండోదాంట్లో 32 ఉంటే గెలిచింది ప్రొటీనో, వాళ్లమ్మే పొడో తేలదు. తర్వాత తొట్ల లెక్క. ఒకే తొట్టిలో 200 రొయ్యలు తూచి 200 నమూనాలని రాస్తే తప్పు; నమూనా అంటే తొట్టి. మేతకు కనీసం 3 తొట్లయినా లేకపోతే తేడా మేతదో తొట్టిదో తేలదు. బతికిన శాతం చెప్పకుండా సగటు బరువే చూపించారంటే మరీ అనుమానించాలి: సగం చచ్చిన తొట్టిలో మిగిలినవాటికి చోటు దొరికి ఏపుగా పెరుగుతాయి. 8 వారాల తొట్టి ఫలితాన్ని 100 రోజుల గుంటకు అంటగట్టడం సరేసరి.

అలాగని కంపెనీ డబ్బు అనగానే వ్యాసాన్ని పక్కన పడేయమనడం లేదు. పకడ్బందీగా చేసినవీ ఉంటాయి. జర్నల్ సంపాదకులు ఫారం పంపి ఊరుకోకుండా, పోల్చే మేత ఎవరిచ్చారు, లెక్కలు ఎవరు కట్టారు అని సమీక్షకుల చేత రాయించాలి. రైతులు మొదటి పేజీలో రచయితల చిరునామాలు చూడండి, కంపెనీవాళ్లెవరైనా ఉన్నారేమో. నిధుల వివరం, ప్రయోజనాల ప్రకటన సాధారణంగా రిఫరెన్సులకు ముందుంటాయి. జెరాక్సులో ఆ పేజీ లేకపోతే అడిగి తెప్పించుకోండి.

— ఆక్వా పరిశోధన వ్యాసాల సమీక్షకులు, నెల్లూరు