పాత కచేరీ టేపులను చెరిపేయమనకండి

సంపాదకుల వారికి,

కచేరీల్లో ఫోన్లతో రికార్డు చేసేవాళ్ల గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన ఉత్తరం చదివాను. అనుమతి లేకుండా తీసిన ప్రతి రికార్డింగూ దొంగతనమేనని, పాతవాటిని కూడా చెరిపేయాలని ఆ పాఠకుడు రాశారు. ఫోన్ల విషయంలో ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ముందు వరసలో కూర్చుని ఫోను ఎత్తి పట్టుకుంటే వెనకవాళ్లకు పాడేవారి మొహం కనిపించదు. కానీ పాతవి చెరిపేయాలన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మా ఇంట్లో అలాంటి క్యాసెట్లు 214 ఉన్నాయి.

నేను కాకినాడలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. 1982లో మా బావమరిది కువైట్ నుంచి ఒక టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డరు కలిసిన పెట్టె) తెచ్చి ఇచ్చాడు. అప్పటినుంచి 1996 దాకా ఊళ్లో ఎక్కడ కచేరీ జరిగినా దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లేవాణ్ణి. ముందుగా విద్వాంసుణ్ణి కలిసి, నమస్కారం పెట్టి అడిగేవాణ్ణి. చాలామంది ‘కానివ్వండి మాస్టారూ’ అనేవారు. ఒకరిద్దరు వద్దన్నారు. ఆ రోజు సంచి విప్పలేదు. మైకుసెట్టు అబ్బాయికి టీ తాగించి సౌండు బాక్సు పక్కన చోటు సంపాదించేవాణ్ణి. సీ-90 క్యాసెట్టులో ఒక్కో వైపు 45 నిమిషాలు. రాగం ఆలాపన మంచి పట్టులో ఉండగా క్యాసెట్టు అయిపోతే, తిప్పి పెట్టేలోపు ఎంత పోతుందోనని టెన్షన్. నా టేపుల్లో ఇప్పటికీ ఒక తోడి రాగం సరిగ్గా అక్కడే తెగిపోతుంది. వింటున్నప్పుడు ఆ పోయిన ముక్క కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఎందుకింత పాట్లు పడ్డావు, దుకాణంలో క్యాసెట్లు దొరికేవి కదా అని అడగవచ్చు. దొరికేవి. నేను కొన్నాను కూడా. కానీ కంపెనీలు ఎవరివి వేసేవి? మద్రాసులో పేరున్న పది ఇరవై మందివి. వాటిలోనూ స్టూడియోలో పాడినవి ఎక్కువ. పాత గ్రామఫోను రికార్డుకు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు, ఎల్పీకి ఇరవై నిమిషాల పైచిలుకు. కచేరీలో గంటసేపు విస్తరించి పాడే రాగం తానం పల్లవి అందులో ఎక్కడ పడుతుంది? మన కోస్తాలో పాడిన పెద్దలు ఎంతోమందికి ఆ అవకాశమే రాలేదు. కర్ణాటక సంగీత గాయకులు వోలేటి వెంకటేశ్వర్లుగారి సంగతే చూడండి. విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు, 1989లో కన్నుమూశారు. కంపెనీలు వేసిన ఆయన క్యాసెట్లు చాలా తక్కువ. ఇవాళ ఇరవై ఏళ్ల పిల్లలు ఆయన పాట విని నేర్చుకుంటున్నారంటే, అది ఆకాశవాణి టేపుల పుణ్యం, ఇళ్లలో టేపులు దాచుకున్న శ్రోతల పుణ్యం. అవి చెరిపేస్తే ఆయనలో మనకు మిగిలేది ఎంత?

నా అనుభవం ఒకటి చెబుతాను. మా ప్రాంతం విద్వాంసుడు ఒకాయన మా ఊళ్లో మూడుసార్లు పాడారు. కుటుంబాన్ని అడగలేదు కాబట్టి పేరు రాయడం లేదు. ఆయన పేరుతో ఒక్క క్యాసెట్టు కూడా బయటికి రాలేదు. ఆయన పోయిన చాలా ఏళ్లకు వాళ్ల అమ్మాయి ఎవరి ద్వారానో తెలుసుకుని మా ఇంటికి వచ్చారు. వాళ్ల ఇంట్లో నాన్నగారి శాలువాలు ఉన్నాయట, ఫొటోలు ఉన్నాయట, గొంతు మాత్రం లేదట. నేను 1987 నాటి టేపు పెట్టాను. వర్ణం అయింది, ఒక కీర్తన అయింది. ఆవిడ కదలకుండా విన్నారు. రెండో కీర్తనకు ముందు ఆయన మైకు పక్కకు తిరిగి, కోనసీమ యాసలో, ‘ఒరే అబ్బాయ్, కాసిని మంచినీళ్లిప్పించరా’ అన్నారు. అది వినగానే ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చారు. కంపెనీ క్యాసెట్టు వచ్చి ఉంటే ఆ మాటను కోసేసేవారు.

ఆవిడే ‘దీన్ని నలుగురూ వినేలా చెయ్యండి బాబాయిగారూ’ అని అడిగితే మా మనవడి చేత ఇంటర్నెట్‌లో పెట్టించాను. నెల తిరక్కుండా ఒక ఆడియో కంపెనీ ఆ పాట తమదని ఫిర్యాదు చేస్తే ఆ సైటువాళ్లు తీసేశారు. కీర్తన త్యాగరాజస్వామిది. ఆయన 1847లో సిద్ధి పొందారు. పాడింది వాళ్ల నాన్నగారు, టేపు నాది. కంపెనీ ఆ కీర్తననే వేరే ఎవరి చేతనో పాడించి అమ్ముతోంది, కంప్యూటరు రెంటినీ పోల్చి ఒకటే అనుకుంది. మూడు నెలలు ఉత్తరాలు రాస్తే మళ్లీ పెట్టారు. ఆ మూడు నెలలూ ఆవిడకు నేనే ఏదో తప్పు చేసినట్టు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

అయితే అభిమానులం చేసేదంతా సరైనదే అనడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నా వల్ల కూడా ఒక తప్పు జరిగింది. నాలుగేళ్ల కిందట ఒక చిన్నవయసు గాయని కచేరీని ఫోనులో రికార్డు చేసి, అడగకుండానే వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బాగుందని పెట్టాను, చెడుద్దేశం లేదు. ఆ రోజు ఆమెకు జ్వరం. పైస్థాయిలో ఒకచోట శ్రుతి తప్పింది. ఎవరో ఆ అర నిమిషం ముక్కను కత్తిరించి ఊరూరా తిప్పారు. ఆమె నాకు ఫోన్ చేసి, కోపంగా కూడా కాదు, ‘అడిగి ఉంటే వద్దని చెప్పేదాన్ని అంకుల్’ అంది. నాకు నోట మాట రాలేదు. అప్పట్నించీ బతికున్న కళాకారుల రికార్డింగు వాళ్లు సరేననేదాకా నా ఇంటి గడప దాటదు.

చట్టం కూడా చూశాను. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో సవరణ చేసి, తన ప్రదర్శనపై కళాకారుడికి హక్కు ఇచ్చారు. పాడినవారికే కాదు, వయొలిన్, మృదంగం వాయించినవారికీ ఉంది. 1999లో ఆ హక్కు గడువును 50 ఏళ్లు చేశారు. అదే చట్టంలో 39వ సెక్షను సొంతంగా వినడానికి, నిజంగా పాఠం చెప్పడానికి, పరిశోధనకు చేసుకున్న రికార్డింగును తప్పుగా చూడవద్దంటోంది. అంటే ఇంట్లో దాచుకున్న ప్రతి టేపూ దొంగసొత్తు కాదు. ఊరందరికీ పంచడం మాత్రం వేరే విషయం, దానికి అనుమతి కావాలి. నేను పెట్టుకున్న నియమం కూడా ఇంతే.

కాలిఫోర్నియాలో ఉన్న మా అల్లుడు ఒక సంగతి చెప్పాడు. అక్కడ గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం 1984 నుంచి రికార్డు చేసుకునే అభిమానుల కోసం వేరే టికెట్లు పెట్టి, హాల్లో వాళ్లకంటూ చోటు ఇచ్చిందట. షరతు ఒక్కటే, టేపులు మార్చుకోండి గానీ అమ్ముకోవద్దు. వాళ్లు 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో చేసిన కచేరీ టేపు ఏళ్ల తరబడి అభిమానుల చేతులు మారుతూనే ఉంది. అధికారికంగా అది విడుదలైంది 2017లో, నలభై ఏళ్లకు. అప్పటికే ఇంట్లో కాపీ ఉన్నవాళ్లు కూడా కొన్నారట. నేను నమ్ముతాను. వోలేటివారి పూర్తి కచేరీ శుభ్రమైన ధ్వనితో ఎవరైనా వేస్తే, నా దగ్గరున్నదే అయినా మొదటి కాపీ నేనే కొంటాను.

నేను అడుగుతున్నది కచేరీలు పెట్టించే సంగీత సభల పెద్దలను. మన కాకినాడ సరస్వతీ గానసభ వందేళ్ల కిందటే మొదలైంది. రాజమండ్రి, విజయవాడ, విశాఖ, హైదరాబాదు, ఎక్కడ చూసినా సభలున్నాయి. మైకులన్నీ మిక్సరులోకే వస్తాయి కదా, అక్కణ్ణించి ఒక లైను తీసి చిన్న రికార్డరుకు ఇస్తే చాలు. కచేరీకి ముందే ముగ్గురు కళాకారులతోనూ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. దాచుకోవచ్చా, పంచవచ్చా, అమ్మితే ఎవరికి ఎంత అనేది అందులో ఉండాలి. మృదంగం ఆయన వాటా మర్చిపోవద్దు. శాలువా కప్పేటప్పుడే పెన్ డ్రైవులో ఒక కాపీ వాళ్ల చేతిలో పెట్టండి. నెల తర్వాత వందో రెండు వందలో తీసుకుని శ్రోతలకు ఇవ్వండి. మంచి రికార్డు అందుతుందని తెలిస్తే ముందు వరసలో ఫోన్లు వాటంతటవే కిందికి దిగుతాయి.

పాతవాటి సంగతి ఇంకా తొందరపడవలసినది. మద్రాసు మ్యూజిక్ అకాడమీలో పాత కచేరీలను కంప్యూటరు ముందు కూర్చుని వినే ఏర్పాటు ఉంది. కాపీ ఇవ్వరు, వినడానికి అడ్డులేదు. విజయనగరం సంగీత కళాశాలలో అలాంటి ఒక గది ఉంటే నా టేపులన్నీ ఇప్పుడే ఇచ్చేస్తాను. నాలాంటివాళ్లు జిల్లాకు పది మందైనా ఉంటారు. మా కోస్తా తేమకు టేపు మీద తెల్లటి బూజు పడుతోంది. కొన్ని పెడితే కీచుమని ఆగిపోతున్నాయి. మా వయసువాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వెనకాల పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పెట్టెలు పాత ఇనుప సామాన్లవాడికి పోతున్నాయి.

నేను రోజుకు రెండు చొప్పున కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. ఇంకా 90 ఉన్నాయి. 1982 నుంచి 1996 లోపు కాకినాడలో పాడినవారి, వాయించినవారి కుటుంబాలు ఎవరైనా ఉంటే మీ పత్రిక ద్వారా నాకు కబురు పెట్టమని మనవి. వాళ్ల పెద్దలది నా దగ్గర ఉంటే కాపీ చేసి పంపుతాను, డబ్బేమీ అక్కర్లేదు. తీసుకున్నాక మీ దగ్గర ఉంచుకోవద్దు మాస్టారూ అంటే, నా కాపీ కూడా వాళ్లకే ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, కాకినాడ