70ల నాటి అమెరికన్ కాంపాక్ట్ కార్ల అభిమానుల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా ఏడాది పనుల్లోకి వస్తున్నాను. డార్ట్, వాలియంట్, మావెరిక్, గ్రెమ్లిన్, పింటో, వేగా కార్ల గురించి పాత మెకానిక్కులకూ తొలి యజమానులకూ ఇంకా గుర్తున్నదంతా రాసిపెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ జ్ఞాపకాల సంపుటి మొదటి భాగం ఈ రోజు మీ చేతికి అందుతోంది. వారాంతాలు వదులుకుని పెద్దల దగ్గర కూర్చుని రాసుకొచ్చిన డెట్రాయిట్ ప్రాంతపు తెలుగు ఇంజినీర్లకు, ఫొటోలు తీసిన యువసభ్యులకు, షెడ్డు ఇచ్చి పులిహోరతో సహా భోజనాలు పెట్టిన కుటుంబానికి కార్యవర్గం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది స్లాంట్ సిక్స్ (పక్కకు వాలిన ఆరు సిలిండర్ల ఇంజిన్) శిక్షణ. 1974 డాడ్జ్ డార్ట్‌లోని 225 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌కు మేనిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వచ్చే, పొగ బయటికి పోయే గొట్టాల భాగం) గ్యాస్కెట్, అంటే అతుకు దగ్గర లీకు ఆపే పట్టీ, మార్చి, వాల్వులు సెట్ చేసి, అదే రోజు బండిని రోడ్డెక్కించాం. ఈ ఇంజిన్ 30 డిగ్రీలు పక్కకు వాలి ఉంటుంది కాబట్టి పని చేసుకోవడానికి చోటు బాగానే ఉంటుంది. అయినా మేనిఫోల్డ్ చెవులు (నట్లు బిగించే అంచులు) విరగ్గొట్టుకునేవాళ్లే ఎక్కువ. కారణం ఒక్కటే, నట్లను బలమంతా పెట్టి బిగించడం. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ వేడెక్కితే సాగుతుంది. అది జరగడానికి వీలుండాలి. అందుకే శంకు ఆకారపు వాషర్లు ఉన్నచోట మామూలు వాషర్లు వేయకూడదు. ముందు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మేనిఫోల్డులను కలిపే మూడు బోల్టులను వేలితో తిప్పేంత వదులుగా ఉంచాలి. రెండూ కలిపి హెడ్ మీద పెట్టి, స్టడ్ల నట్లను ఆనేవరకు మాత్రమే తిప్పాలి. తర్వాత ఆ మూడు బోల్టులు బిగించాలి. చివరికి మధ్య నుంచి అంచులకు వెళ్తూ నట్లన్నీ 10 పౌండ్-అడుగులకు బిగించాలి, అంతకు మించి వద్దు. టార్క్ రెంచ్ లేకుండా ఈ పనికి దిగవద్దని సభ్యులకు మరీ మరీ మనవి. పాత మేనిఫోల్డ్ ముఖాన్ని ముందు స్కేలు పెట్టి చూసుకోవాలి. వంగి ఉంటే ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా పొగ కారుతుంది.

వాల్వుల సంగతి సంపుటిలో వివరంగా ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో నడుస్తుండగా, వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఇన్‌టేక్‌కు 0.010 అంగుళం, ఎగ్జాస్ట్‌కు 0.020 అంగుళం ఖాళీ ఉంచాలి. సర్దే స్క్రూకు లాక్ నట్ ఉండదు, దాని బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. సులువుగా తిరిగిపోయే స్క్రూ కనిపిస్తే మార్చేయండి. టకటకమనే వాల్వు గురించి అందరూ కంగారు పడతారు గానీ, భయపడాల్సింది చప్పుడు చేయని దాని గురించే. వాల్వు ఆనే సీటు అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, చివరికి కాలిపోతుంది.

ఆ రోజే తెలుసుకున్న ఇంకో విషయం. క్రిస్లర్ కార్లలో (డార్ట్, వాలియంట్ ఈ కంపెనీవే) తాళం తిప్పితే ఇంజిన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతే కార్బురేటర్ విప్పకండి. ముందు ఇగ్నిషన్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ చూడండి. స్టార్ట్ చేసేటప్పుడు కరెంటు దాన్ని తప్పించుకుని వెళ్తుంది, బండి నడిచేటప్పుడు దాని గుండానే వెళ్లాలి. చిన్న పింగాణీ ముక్క, ధర తక్కువ. ఒకటి గ్లవ్ బాక్స్‌లో ఉంచుకోవాలి.

వేగా అధ్యాయం అందరూ తప్పక చదవాలి. 140 క్యూబిక్ అంగుళాల ఆ ఇంజిన్‌లో బ్లాకు సిలికాన్ ఎక్కువ కలిపిన అల్యూమినియం, సిలిండర్ల లోపల ఇనుప స్లీవ్‌లు (గొట్టపు తొడుగులు) లేవు, పైన హెడ్ మాత్రం ఇనుము. ఒక్కసారి బాగా వేడెక్కిందంటే గ్యాస్కెట్ కారడం, సిలిండర్ గోడలు గీసుకుపోవడం, ఆయిల్ తాగడం వరుసగా మొదలవుతాయి. స్లీవ్‌లు వేయించిన బ్లాకు దొరికితే వదలకండి. మొదటి మోడళ్లలో ముందు ఫెండర్లకు లోపలి కవచం లేదు కాబట్టి బురద నిలిచి తుప్పు పట్టింది. కొనేముందు అక్కడ వేలితో నొక్కి చూడండి.

పింటో కొనేవాళ్లు 1978 రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) పని జరిగిందో లేదో కింద పడుకుని స్వయంగా చూసుకోవాలి. 1971 నుంచి 1976 వరకు మోడళ్లకు వర్తించిన ఆ రీకాల్‌లో ఇంధన ట్యాంకుకూ వెనుక డిఫరెన్షియల్‌కూ మధ్య ప్లాస్టిక్ కవచం పెట్టారు, పొడవైన ఫిల్లర్ పైపు వేశారు. ఇవి లేని బండిని రోడ్డు మీదికి తేవద్దు.

గ్రెమ్లిన్ వెనుక ఇరుసు గురించి ఆ కారు తయారైన కెనోషా (విస్కాన్సిన్) వైపు సభ్యులు పంపిన వివరం చాలా విలువైనది. చక్రం బిగించే హబ్ ఆ ఇరుసు మీద బిగువు వల్లే నిలుస్తుంది. నట్ 250 పౌండ్-అడుగులకు బిగించాలి. నట్ ఊడకుండా ఆపే కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. వదులైతే హబ్ ఇరుసు మీద గిర్రున తిరిగి పళ్లు అరిగిపోతాయి.

కాలిఫోర్నియా సభ్యులకు గుర్తుచేస్తున్నాను: 1975, అంతకు ముందు మోడళ్లకు స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. బండి కొనేటప్పుడు ఆ ఒక్క ఏడాది తేడాను చూసుకోండి.

ఇక బాధ కలిగించే సంగతి. శిక్షణకు పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. నలుగురు ఎత్తాల్సిన సామాను వచ్చిన ఇద్దరు మోశారు. మన కార్ల ప్రదర్శనకు మైదానం అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు ఒక కార్యాలయంలో బల్ల మీంచి బల్ల మీదికి తిరిగి, చివరికి ప్రదర్శన రద్దయింది. పనిచేసేవాళ్ల మీదే మళ్లీ మళ్లీ భారం వేయడం న్యాయం కాదు. సంఘం అందరిదీ.

లెక్కలు కోశాధికారి గారు సభ ముందు ఉంచుతారు. చందాలకూ ఖర్చులకూ సరిపోయింది, బాకీలు లేవు.

వచ్చే ఏడాది మావెరిక్ అధ్యాయం, కార్బురేటర్ శిక్షణ అనుకుంటున్నాం. మావెరిక్ 170, 200, 250 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ల సర్వీసు పుస్తకాలు ఉన్నవాళ్లు కాపీలు ఇవ్వండి. సంఘం టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్ (సన్నని ఖాళీలు కొలిచే రేకులు) సెట్టు తీసుకెళ్లినవారు ఈ సమావేశం ముగిసేలోగా షెడ్డు ఇన్‌ఛార్జికి అప్పగించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టగలరు.

ఇట్లు,
కార్యదర్శి