రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఆ ఏడు నెలలు మొదటి రోజు నుంచే లెక్కకు రావాలి

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సైన్యంలో క్లర్క్‌గా చేరి సుబేదార్‌గా రిటైరైనవాణ్ని. ఈ ఉత్తరం నా కోసం రాయడం లేదు. నేను పనిచేసిన యూనిట్‌కు ఒకప్పుడు కుర్ర లెఫ్టినెంట్‌గా వచ్చి, ఇప్పటికీ సర్వీసులో ఉన్న ఒక అధికారి కోసం రాస్తున్నాను. ఆయన పేరు, నంబరు, రెజిమెంట్ ఇక్కడ చెప్పను. సర్వీసులో ఉన్నవారు అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కకూడదని 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ నిబంధన ఉంది. ఆయన ఎక్కలేదు, నన్ను ఎక్కమని అడగనూ లేదు. ఇది చూస్తే నా మీద కోప్పడినా కోప్పడతారు. అయినా రాయక తప్పడం లేదు. ఆయన సర్వీసు మొదలైన తేదీని ఏడు నెలలు ఆలస్యంగా చూపిన రికార్డు తప్పు ఒకప్పుడు నా బల్ల మీదుగానే వెళ్లింది.

ఆయన డెహ్రాడూన్‌ సైనిక అకాడమీలో శిక్షణ ముగించి డిసెంబర్‌లో అంతిమ్ పగ్, అంటే అధికారులయ్యేవాళ్లు దాటే ఆఖరి మెట్టు, దాటారు. తల్లిదండ్రులు భుజాల మీద నక్షత్రాలు పెట్టిన రోజు అది. కమిషన్, అంటే అధికారిగా నియామకం, పుట్టిన రోజు అదే. ఆ కమిషన్ సంగతి భారత గెజిట్‌లో, మొదటి భాగం నాలుగో సెక్షన్‌లో, మరుసటి ఏడాది జులైలో అచ్చయింది. అందులో విశేషమేమీ లేదు. అచ్చు కావడానికి నెలలు పట్టడం మామూలే. అందుకే అలాంటి నోటిఫికేషన్‌లో రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి పైన, నోటిఫికేషన్ వెలువడిన తేదీ. రెండోది లోపల, కమిషన్ ఏ రోజు నుంచి అమల్లోకి వచ్చిందో చెప్పే తేదీ. సర్వీసంతా ఆ రెండో తేదీ మీదే నిలబడుతుంది.

కొన్నేళ్ల తర్వాత పాత రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అప్పటికి ఆయన మేజర్. ఎవరో లోపలి తేదీ కొట్టాల్సిన చోట పై తేదీ కొట్టారు. డిసెంబర్ కాస్తా జులై అయింది, సంవత్సరమూ మారింది. ఏ కార్యాలయంలో జరిగిందో రాయను. ఆ రోజుల్లో గుట్టలుగా పడి ఉన్న కాగితాల ముందు కూర్చున్న వాళ్లు ఎలా పనిచేశారో నాకు తెలుసు. తప్పు చేసిన మనిషి మీద నాకు కోపం లేదు.

నా సంగతి చెప్పాలి. ఏటా అధికారుల వివరాల జాబితా యూనిట్‌కు వచ్చేది. సరిచూసి, సంతకం చేసి తిప్పి పంపాలి. పేరు చూసేవాణ్ని, నంబరు చూసేవాణ్ని, రక్తం గ్రూపు, నామినీ, ఇంటి చిరునామా చూసేవాణ్ని. కమిషన్ తేదీ మాత్రం చూసేవాణ్ని కాదు. అది పైనుంచి వచ్చిన తేదీ, మన చేతిలోది కాదు అనుకునేవాణ్ని. తప్పు తేదీతో జాబితా వచ్చిన ఏడాది ‘సరిచూడబడినది’ అన్న ముద్ర కింద ఉన్న పొట్టి సంతకం నాది. పక్కన గెజిట్ ప్రతి పెట్టుకుని ఒక్క నిమిషం చూసి ఉంటే ఈ ఉత్తరం అవసరమే ఉండేది కాదు.

అధికారుల పదోన్నతులపై ఏ.వి.సింగ్ కమిటీ చేసిన సిఫార్సులు 2004 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చాక లెక్క తేలికైంది. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. ఖాళీలతో పని లేదు, కాలం నిండాలి, మిగతా అర్హతలు ఉండాలి. పదమూడేళ్లు నిండిన డిసెంబర్‌లో కోర్స్‌మేట్లందరికీ ర్యాంకు వచ్చింది. ఆయనకు రాలేదు. అప్పుడాయన ఫీల్డ్‌లో ఉన్నారు. కాగితాలు ఎక్కడో ఆలస్యమయ్యాయిలే అనుకున్నారు. ఏడు నెలలకు ర్యాంకు రానే వచ్చింది కనుక ఎవరినీ అడగలేదు. అడిగి తీసుకునే స్వభావం కాదు ఆయనది. తన కంటే ఒక కోర్సు వెనక వచ్చిన వారు తనకంటే ముందు ఆ ర్యాంకు పెట్టుకున్నారు. వాళ్లకు ఆయన ‘సర్’ అని సెల్యూట్ చేశారు. బయటివాళ్లకు ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. యూనిఫాం వేసుకున్నవాళ్లకు అలా అనిపించదు.

అసలు విషయం కల్నల్ ర్యాంకు బోర్డు నాడు బయటపడింది. ఆ ర్యాంకుకు ఎంపిక బ్యాచ్‌ల వారీగా జరుగుతుంది. ఆయన బ్యాచ్ జాబితాలో ఆయన పేరు లేదు. వాకబు చేస్తే తర్వాతి బ్యాచ్‌లో ఉంది. అర్జీ పెట్టుకున్నారు. ‘రికార్డు ప్రకారం మీ కమిషన్ తేదీ సరిగానే ఉంది’ అని జవాబు. తప్పని ఆయన చూపిస్తున్నది ఆ రికార్డునే. దాన్నే సాక్ష్యంగా పెట్టి ఆయన అర్జీని మూసేశారు.

అప్పుడు నాకు ఫోన్ చేశారు. ‘సాబ్, మన దగ్గర ఉన్నప్పుడు నా తేదీ ఏమని ఉండేదో గుర్తుందా?’ అని అడిగారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ గొంతులో నా మీద ఫిర్యాదు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఆయన రాష్ట్రపతి ముద్రతో ఉన్న కమిషన్ పత్రం, గెజిట్ ప్రతి, అకాడమీ కాగితాలు జతచేసి, ఆర్మీ చట్టం 27వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వానికి ఫిర్యాదు చేసుకున్నారు. చాలా కాలానికి ఉత్తర్వు వచ్చింది. తేదీ తప్పేనని ఒప్పుకున్నారు, సరిచేశారు. చివరి వాక్యం మాత్రం ఇలా ఉంది: ‘ఈ సవరణ ఈ ఉత్తర్వు తేదీ నుంచి వర్తిస్తుంది.’

మంత్రి గారూ, నేను రాసేది ఈ ఒక్క వాక్యం గురించే. ఒక మనిషి సర్వీసు ఫలానా డిసెంబర్‌లో మొదలైందని ఒప్పుకుంటే, ఆ డిసెంబర్ నుంచే ఒప్పుకున్నట్టు. ఇవాళ్టి నుంచి మాత్రమే ఒప్పుకుంటామంటే కంప్యూటర్‌లో అంకె మారుతుంది, ఆయన పోగొట్టుకున్నది ఏదీ తిరిగి రాదు. ర్యాంకు తేదీ, దానితో పాటు లెఫ్టినెంట్ కల్నల్‌కు ఇచ్చే లెవెల్ 12ఏ జీతం మొదలైన తేదీ, ఇంక్రిమెంట్లు, బ్యాచ్ అన్నీ పాత తప్పు మీదే నిలిచిపోతాయి.

పెన్షన్ సంగతి ఇంకా బరువైనది. అధికారి రిటైరయ్యేది వయసును బట్టి. కల్నల్‌కు 54 ఏళ్లు. సర్వీసు ఒక కొస పుట్టిన తేదీకి కట్టేసి ఉంటుంది, రెండో కొస కమిషన్ తేదీకి. కమిషన్ తేదీ ఆలస్యంగా పడితే మధ్యలో సర్వీసు కుంచించుకుపోతుంది. ఆ ఏడు నెలలు చివర్లో చేసి ఇస్తానన్నా కుదరదు. ఒకే ర్యాంకుకు, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్ ఇచ్చే వన్ ర్యాంక్ వన్ పెన్షన్ పట్టికలు అర్ధ సంవత్సరం మెట్లుగా ఉంటాయి. ఏడు నెలలంటే కనీసం ఒక మెట్టు కింద. ఆయన తదనంతరం కుటుంబ పెన్షన్ కోసం ఆయన భార్య తిరగాల్సి వస్తే, అప్పుడు ఆ ఇంట్లో ఈ గెజిట్ ప్రతులను ఎవరు వెతికిపెడతారు?

వెనకటి తేదీ నుంచి ఇస్తే ఇతరుల సీనియారిటీ చెదురుతుందని మీ అధికారులు చెబుతారు. ఈ మాట నేనూ ఫైళ్ల మీద చాలాసార్లు చదివాను. లెఫ్టినెంట్ కల్నల్ ర్యాంకు విషయంలో అది నిలవదు. కాలాన్ని బట్టి వచ్చే ర్యాంకు కనుక ఆయనకు ఇస్తే ఎవరి చేతిలోంచీ ఏదీ పోదు. కల్నల్ బోర్డు విషయంలో కొంత నిజముంది, కాదనను. కానీ ఆయన ఎవరినీ తప్పించమని కోరడం లేదు. తన అసలు బ్యాచ్ కొలమానంతో తనను ఒకసారి చూడమంటున్నారు. తగడని తేలితే ఆ మాట ఆయన తీసుకోగలరు.

ఆలస్యం గురించి కూడా చెప్పాలి. 2008లో యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ తార్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. పెన్షన్‌లాంటి నెలనెలా కొనసాగే నష్టమైతే ఆలస్యంగా వచ్చినా వినవచ్చు, బకాయిలు మాత్రం మామూలుగా మూడేళ్లకే. సీనియారిటీ, పదోన్నతి లాంటివి ఇతరుల హక్కులను తాకుతాయి కనుక ఆలస్యమైతే అసలు వినకపోవచ్చు. న్యాయం దృష్టిలో అది సబబే. కానీ ఇక్కడ ఆ ఆలస్యం ఎవరిది? తప్పు కొట్టింది కార్యాలయం, సరిచూడనిది నేను, మొదటి అర్జీని అదే తప్పుతో తిప్పికొట్టింది మళ్లీ కార్యాలయం. గడిచిన కాలం మాత్రం ఆయన ఖాతాలో పడుతోంది.

తేదీల గొడవ మన సైన్యానికి కొత్త కాదు. జనరల్ వి.కె.సింగ్ ఆర్మీ చీఫ్‌గా ఉన్నప్పుడు ఆయన పుట్టిన తేదీ అడ్జుటెంట్ జనరల్ శాఖలో 1951 మే 10, మిలిటరీ సెక్రటరీ శాఖలో 1950 మే 10. ఏది సరైనదో తేల్చడం నా పని కాదు. ఒకే సైన్యంలో రెండు శాఖలు ఒక మనిషికి రెండు సంవత్సరాలను దశాబ్దాల పాటు మోశాయి. 2012లో అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి పిటిషన్ ఉపసంహరణతో ముగిసింది. అంతటి పదవిలో ఉన్నవారికే అలా జరిగితే, ఎక్కడో బెటాలియన్‌లో ఉన్న అధికారి మాట ఎవరు వింటారు? ర్యాంక్ పే, అంటే ర్యాంకును బట్టి జీతంలో కలిసే మొత్తం, సంగతీ మీకు తెలిసిందే. 1986 నాటి లెక్కలో తప్పుపై మేజర్ ధనపాలన్ ఒక్కరే వెళ్లి 1998లో కేరళ హైకోర్టులో గెలిచారు. అదే న్యాయం మిగతావారికి దక్కడానికి 2012 వరకు పట్టింది.

మీ చేతిలో అధికారం లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉత్తర్వు ఇచ్చే అధికారంలోనే దాన్ని సవరించే అధికారం కూడా ఉందని 1897 జనరల్ క్లాజెస్ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. కోర్టులు సైతం తమ తీర్పుల్లో దొర్లిన రాతతప్పును ఎప్పుడైనా, ఎవరూ అడగకుండానే దిద్దుకోవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ అంటుంది. న్యాయమూర్తులు చేయగలిగిన పనికి మన కార్యాలయాలు ఎందుకు వెనకాడాలి?

అందుకే కోరుతున్నాను. ఆ ఉత్తర్వులోని చివరి వాక్యాన్ని తీసేయించండి. అసలు కమిషన్ తేదీ నుంచే లెక్కకట్టి ర్యాంకు తేదీ, జీతం, సీనియారిటీ మళ్లీ నిర్ణయించమనండి. ఆయన బ్యాచ్‌తో సమానంగా ఒకసారి బోర్డు ముందు పెట్టించండి. రాతతప్పు అని రుజువైన చోట అధికారిని ఫిర్యాదుదారుగా నిలబెట్టకుండా, తప్పు చేసిన కార్యాలయమే సరిచేసి ఆయనకు తెలియజేసేలా ఒక ఆదేశం ఇవ్వండి. ఏటా సరిచూసే జాబితాలో కమిషన్ తేదీ పక్కన గెజిట్ ప్రతిని జతచేయమనండి. నాలాంటి క్లర్క్ చూడక తప్పదు అప్పుడు.

ఆయన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలని 2007 చట్టం చెబుతోంది. అందులో రెండు నెలలు అప్పుడే గడిచిపోయాయి. తన సైన్యం మీద తానే కేసు వేయడానికి ఆయనకు చేతులు రావడం లేదు. ఆ నాలుగు నెలలు పూర్తికాకముందే మీ నుంచి ఒక కాగితం వస్తే ఆయనకు ఆ అవసరం రాదు.

ఆ జాబితా మీద సంతకం నాదేనని, కమిషన్ తేదీని నేను సరిచూడలేదని ప్రమాణపత్రం రాసి ఉంచాను. మీ కార్యాలయం ఎప్పుడు అడిగితే అప్పుడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి తెచ్చి ఇస్తాను.

విధేయుడు,
ఒక మాజీ సుబేదార్, క్లర్క్