బావా, ఆ ఎర్ర అక్షరాలకి భయపడకు

ఒరే బావా,

మొన్న రాత్రి ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. "కంప్యూటర్ మనలాంటి వాళ్ళకి కాదురా" అన్నావు చూడు, ఆ మాట మనసులో ఉండిపోయింది. నాలుగు రొయ్యల చెరువులు చూసుకుంటూ, తెల్లవారుజామున లేచి నీళ్ళలో ఆక్సిజన్ కొలిచి, ఏ ఏరియేటర్ ఎప్పుడు తిప్పాలో ఠక్కున చెప్పేవాడివి నువ్వు. కంప్యూటర్‌కి పని చెప్పే భాష ఈ పైథాన్, దాన్ని ఎక్కించుకోవడం నీ వల్ల కాకపోవడమేమిటి? ఫోన్లో చెబితే సగం జారిపోతుందని ఉత్తరం రాస్తున్నా. కంప్యూటర్ తెరిచి పక్కన పెట్టుకుని తీరిగ్గా చదువు. కమాండ్లన్నీ వేరే చీటీ మీద ఇంగ్లీషులో రాసి కవర్లో పెట్టాను. ఒక్క చుక్క కూడా మార్చకుండా కొట్టు.

ముందు, ఎక్కించేటప్పుడు తెర మీద వచ్చిన ఆ ఎర్ర అక్షరాల సంగతి. నువ్వు చదివి వినిపించినదాన్ని బట్టి పైథాన్ బాగానే ఎక్కింది, అంకెల లెక్కలు చేసే నమ్‌పై కూడా ఎక్కింది. శాస్త్రీయ లెక్కల సైపై దగ్గర మాత్రం, కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ కావాలని అడిగి ఆగిపోయింది. అందులో నువ్వు చేసిన తప్పేమీ లేదు. నమ్‌పై, సైపై పైకి పైథాన్ లైబ్రరీలే (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలు) గానీ, లోపల బరువు మోసేదంతా సీ, ఫోర్ట్రాన్ లాంటి పాత భాషల్లో రాసిన కోడ్. మాత్రికల లెక్కలకి ఇవి ఆధారపడే ల్యాప్యాక్ అనే కోడ్ కట్ట 1992లోనే వచ్చింది. ఆ కోడ్‌ని ఎవరో ఒకరు నీ మెషిన్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. మామూలుగా ఆ పని లైబ్రరీ వాళ్ళే చేసి, వీల్ అనే ప్యాకెట్లుగా పెడతారు. వడ్లు మర ఆడించి బియ్యం బస్తా కట్టి ఇవ్వడం లాంటిదన్నమాట. నీ పైథాన్ వెర్షన్‌కి సరిపోయే బస్తా దొరక్కపోతే, లైబ్రరీలు దించి ఎక్కించే పిప్ వడ్లే తెచ్చి మీ ఇంట్లో మర ఆడించబోతుంది. మీ ఇంట్లో మర లేదు. ఆ పేజీడు ఎర్ర అక్షరాలకి అర్థం అంతే.

బస్తా ఎందుకు దొరకలేదంటే, నువ్వు వారం కిందట విడుదలైన పైథాన్ దించుకున్నావు. 2020 నుంచి ఏటా అక్టోబర్‌లో ఒక కొత్త వెర్షన్ వస్తోంది. లైబ్రరీలు దానికి వీల్స్ తయారు చేసి పెట్టేసరికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే నేనెప్పుడూ తాజాదానికి ఒక మెట్టు కిందది తీసుకుంటాను. నీ లెక్కలకి కొత్తదాంట్లో ఉన్నవేవీ అవసరం లేదు. ఉన్నది తీసేసి, దాని ముందు వెర్షన్ 64 బిట్‌ది దించుకో. ఇన్‌స్టాలర్ మొదటి తెరలో కింద, పైథాన్‌ని పాత్‌లో చేర్చాలా అని ఒక గడి ఉంటుంది, దానికి తప్పకుండా టిక్కు పెట్టు. అది మర్చిపోతే పైథాన్ లోపల ఉన్నా, నువ్వు పిలిచినప్పుడు విండోస్‌కి అది ఎక్కడుందో తెలియదు.

ఇక రెండో మాట. దీన్ని మాత్రం నా కోసమైనా విను. లైబ్రరీలని నేరుగా ఎక్కించకు. చీటీలో మూడో లైను ఉంది చూడు, వెన్వ్ అని, ముందు అది కొట్టు. చెరువుల లెక్కల కోసం ఒక ఫోల్డర్‌లో ఒక గది కట్టినట్టు. ఆ గదిలో ఎక్కించినవి ఆ గదిలోనే ఉంటాయి. ఏదైనా చెడిపోతే ఫోల్డర్ తుడిచేసి పది నిమిషాల్లో మళ్ళీ కట్టుకోవచ్చు, నీ డేటా వేరే ఫోల్డర్‌లో ఉంటే దానికేమీ కాదు. ఈ సదుపాయం 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి దాంతోపాటే వస్తోంది, వేరే కొనక్కర్లేదు, దించుకోనక్కర్లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకసారి దెబ్బ తిన్నాను. నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు లినక్స్ ఉండేది. లినక్స్‌లో సిస్టమ్ సొంత పనిముట్లు కొన్ని పైథాన్ మీదే నడుస్తాయి. నేను అడ్మిన్ అధికారంతో పిప్ నడిపి, సిస్టమ్ వాడుకునే లైబ్రరీ మీదే కొత్తది ఎక్కించేశాను. మర్నాటికి అప్‌డేట్లు తెచ్చే ప్రోగ్రామే లేవలేదు. చివరికి మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల కొత్త వెర్షన్లు అలా చేయబోతే ముందే ఆపేస్తున్నాయి, గది కట్టుకుని రమ్మని చెబుతున్నాయి. నాకు అది చాలా మంచి మార్పు అనిపించింది.

గదిలోకి వెళ్ళాక నమ్‌పై, సైపై, పట్టికల పని చూసే పాండాస్, గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ నాలుగూ ఒకే లైన్లో అడిగెయ్. అన్నీ కలిపి వంద ఎంబీ అటూ ఇటూ, ఫోన్ హాట్‌స్పాట్ చాలు. నీ సొంత ఫైల్‌కి మాత్రం ఈ లైబ్రరీల పేరు పెట్టకు. నేను ఒక ఫైల్‌కి నమ్‌పై అని పేరు పెట్టుకున్నాను. అసలు నమ్‌పైకి బదులు పైథాన్ నా ఫైల్‌నే తెరుస్తోందని తెలిసేసరికి ఒక ఆదివారం మొత్తం పోయింది.

ఇదంతా నేను ఎందుకు నేర్చుకున్నానో నీకు చెప్పలేదు కదూ. మా తాతయ్య నీకు గుర్తుండే ఉంటాడు, అవనిగడ్డ దగ్గర బడిపంతులు. పెరట్లో వాన కొలిచే పాత్ర పెట్టుకుని, రోజూ పొద్దున్నే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో పుస్తకంలో ఎక్కించేవాడు. 1968 నుంచి 1991 దాకా, 8,700 గడులకు పైనే. అదీ తెలుగు అంకెల్లో. వాటిని సాయంత్రాలు కూర్చుని మూడు నెలలు కంప్యూటర్లోకి ఎక్కించాను. పోల్చి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని ఉన్నది ఉన్నట్టు ౧౨, ౪౫ అనే కొట్టాను. తర్వాత అన్నీ మార్చాలేమోనని టెన్షన్ పడ్డాను. పాండాస్ వాటిని ముందు అక్షరాలుగానే చదివింది. కానీ ఆ కాలమ్ మొత్తాన్ని ఫ్లోట్‌లోకి, అంటే దశాంశ సంఖ్యల్లోకి, మార్చమని ఒక్క మాట చెబితే, పైథాన్ తెలుగు అంకెల్ని అంకెలుగానే గుర్తుపట్టి మార్చేసింది. తాతయ్య చేతిరాత ఆ యంత్రానికి అర్థమైందనిపించి గొంతు పూడుకుపోయింది బావా.

మొదటి గ్రాఫ్ వేశాను. నెలవారీ మొత్తాల గీత. 1977 నవంబర్ దగ్గర గీత కిందికి పడిపోయింది, ఆ నెల వానే లేనట్టు! దివిసీమ ఉప్పెన వచ్చిన నెల అది, నవంబర్ 19. పుస్తకం తీసి చూస్తే, ఆ రోజు నుంచి నెలాఖరు దాకా పన్నెండు గడులు ఖాళీ. వాన పాత్రే కొట్టుకుపోయింది, ఊళ్ళో మనుషుల్ని వెతుక్కుంటున్నారు, ఇక కొలిచేదెవరు? ఖాళీ గడిని పాండాస్ ఖాళీ అనే గుర్తుపెట్టుకుంటుంది, సగటు తీసేటప్పుడు లెక్కలో వేసుకోదు. కానీ నెల మొత్తం అడిగితే, ఉన్నవాటినే కూడి ఇచ్చేస్తుంది. మిన్ కౌంట్ అని ఒక సెట్టింగ్ ఉంది. ఇన్ని రోజుల లెక్క ఉంటేనే మొత్తం కట్టు, లేకపోతే వదిలెయ్ అని దాంట్లో చెప్పొచ్చు. అది పెట్టాక ఆ నవంబర్ దగ్గర గీత తెగింది. అలా తెగి ఉండటమే నిజం. ఆ గ్రాఫ్‌ని అలాగే ప్రింట్ తీసి అమ్మకి ఇచ్చాను.

నీ చెరువుల లెక్కకీ ఇది ముఖ్యం. మీటర్ చెడిపోయిన రోజు, పెళ్ళికి వెళ్ళి రీడింగ్ తీయని రోజు, ఆ గడి ఖాళీగా వదిలెయ్. సున్నా పెట్టకు. ఆక్సిజన్ సున్నా అంటే చెరువులో ప్రాణం లేదని అర్థం కదా.

గ్రాఫ్ మీద పేర్లు తెలుగులో రాద్దామనుకుంటావు, నాకు తెలుసు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనతో తెచ్చుకునే ఫాంట్‌లో తెలుగు లేదు, అందుకే డబ్బాలు వస్తాయి. తెలుగు ఫాంట్ చూపిస్తే అక్షరాలు వచ్చాయి గానీ, నేను వేసుకున్న వెర్షన్‌లో వత్తులు, గుణింతాలు విడివిడిగా పడ్డాయి. ఆ ఒక్కటీ నాకు బాధగానే ఉంది. ప్రస్తుతానికి పేర్లు ఇంగ్లీషులో పెట్టు. ప్రోగ్రామ్ లోపల మాత్రం చెరువు, ఉప్పు అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు, పైథాన్ ఒప్పుకుంటుంది.

ఆ మ్యాట్‌ప్లాట్‌లిబ్ రాసింది జాన్ హంటర్ అనే ఆయన. మెదడు మీద పరిశోధన చేసేవాడు, మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు తెర మీద చూడటానికి దీన్ని మొదలుపెట్టాడు. 2012లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన ఊరికే ఇచ్చిపోయినదాంతో నేను తాతయ్య వానలు చూశాను, నువ్వు నీ చెరువులు చూస్తావు. గ్రాఫ్ వేసిన ప్రతిసారీ ఆయన గుర్తుకొస్తాడు.

అన్ని చెరువులూ ఒకేసారి పెట్టుకోకు. రెండో చెరువు, ఒక్క నెల, తెల్లవారుజాము రీడింగులు మాత్రమే ఎక్కించు. ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే కాబట్టి, ముందు చూడాల్సింది అదే. మళ్ళీ ఎర్ర అక్షరాలు వస్తే పైనుంచి చదవకు, అట్టడుగు లైను ఒక్కటి చూసి ఉన్నది ఉన్నట్టు నాకు పంపు. అసలు విషయం దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. పట్టుబడి అయ్యాక రెండు రోజులు ఉండేలా వస్తాను. నీ మొదటి గీత ఏ అర్ధరాత్రి వచ్చినా సరే, అప్పుడే ఫోన్ చెయ్యి.

నీ బావ